చోటూ తిండి తిన్న వకీలమ్మ

గౌలిపురలో పాలు పోసే కృష్ణయ్య ఇంట్లో ఇద్దరికే గారాబం ఎక్కువ. ఒకరు కూతురు స్రవంతి. లా చివరి సంవత్సరం చదువుతోంది. రెండోవాడు చోటూ. వాడు దున్నపోతు. దూడగా ఉన్నప్పుడు కొట్టంలో అన్నిటికంటే చిన్నగా ఉండేవాడని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు వాడు సందులో అడ్డం తిరిగితే ఆటో సంగతి దేవుడెరుగు, సైకిలు కూడా దూరదు. అయినా పేరు మార్చే ధైర్యం ఎవరూ చేయలేదు.

దీపావళి వెళ్లగానే వచ్చే సదర్ పండుగకు చోటూను తీసుకుపోవడం కృష్ణయ్యకు ఏడాది మొత్తానికీ పెద్ద పని. ఒళ్లంతా నిగనిగలాడేలా నూనె పట్టించి, మెడ నిండా పూలదండలు వేసి, డప్పుల మోతలో దున్నపోతు చేత ముందుకాళ్లు లేపిస్తారు. ఎవరి దున్న లేచి నిలబడితే వాళ్ల మీసం మళ్లీ సదర్ వచ్చేదాకా కిందికి దిగదు. అందుకని నెలల ముందు నుంచే చోటూకు బాదంపప్పు, చిక్కటి పాలు, నానబెట్టిన శనగలు, ఆవనూనె మాలిష్, పొద్దున్నే నడక. ఒక ప్రాణిని గట్టిగా నిలబెట్టాలంటే ఇంతకు మించిన పద్ధతి లోకంలో లేదని కృష్ణయ్య నమ్మకం. ఆ నమ్మకం చోటూ వరకు ఉంటే ఈ కథే లేదు.

స్రవంతి పద్ధతి వేరు. లా చదివేవాళ్లు నిద్రపోకూడదని, అన్నం తింటే బుర్ర మొద్దుబారుతుందని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. చాయ్ మీద బతికేది. పొద్దున చాయ్, మధ్యాహ్నం చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్, రాత్రి పుస్తకం ముందు మళ్లీ చాయ్. పాలవాడి కూతురై ఉండి పాలు ముట్టేది కాదు. కళ్ల కింద నల్లటి చారలు వస్తే వాటిని చదువుకు గుర్తుగా చూసుకుని మురిసిపోయేది. అద్దం ముందు నల్ల కోటు వేసుకుని "యువర్ ఆనర్" అంటూ చెయ్యి ఊపేటప్పుడు, ఆ చెయ్యి వణుకుతోందని మాత్రం చూసుకోలేదు.

చివరి సంవత్సరంలో మూట్ కోర్టు అని ఒకటుంటుంది. అంటే ఉత్తుత్తి కోర్టు. కేసు ఉత్తదే, కక్షిదారులు ఉత్తవాళ్లే, మార్కులు మాత్రం అసలువి. అందులో తప్పితే పట్టా రాదు. స్రవంతి వంతు వచ్చింది. లేచింది. "మే ఇట్ ప్లీజ్ యువర్ ఆనర్" దాకా బాగానే ఉంది. ఆ తర్వాతి మాట ఏమిటో ఈనాటికీ ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఆమె అక్కడే కళ్లు తేలేసి, అవతలి పక్షం వకీలుగా ఉన్న దీక్షిత్ కాగితాల మీద పడిపోయింది.

కాలేజీవాళ్లు ఇంటికి ఫోను చేశారు. కృష్ణయ్య పాలు పోస్తున్నవాడు పోస్తున్నట్టే వదిలేసి, బండికి రెండు వైపులా డబ్బాలు వేలాడుతుండగానే వచ్చిపడ్డాడు. కూతురిని ఆ బండి మీదే ఇంటికి తెచ్చాడు. నల్ల కోటు, మెడకు తెల్ల బ్యాండు, అటూ ఇటూ పాల డబ్బాలు. గౌలిపుర గౌలిపురంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. ఆరోజంతా స్రవంతి దుప్పటి ముసుగు తీయలేదు.

సిగ్గు ఒక పక్కన ఉంచితే, అసలు బాధ ఇంకోటి. ప్రిన్సిపాల్ దయతలచి ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. దీపావళికి ముందు మళ్లీ నిలబడాలి. అప్పుడూ పడితే ఏడాది పోయినట్టే. పట్టా రాగానే తన దగ్గర జూనియర్‌గా చేరమన్న నాగమణమ్మ అనే సీనియర్ వకీలు ఏడాది పాటు కుర్చీ ఖాళీగా పెట్టుకుని కూర్చోదు కదా.

"పొద్దుగాల ఏం తిన్నవ్?" అని తల్లి పుష్పమ్మ నిలదీసింది.

"చాయ్ తాగిన."

"తాగుడు తినుడెట్లయితదే?"

కృష్ణయ్య మీసం సవరించుకున్నాడు. "గీ ముచ్చట ఇగ నాకిడిసిపెట్టున్రి. చోటూను నిలబెట్టినోణ్ణి, నా బిడ్డను నిలబెట్టలేనా?"

"పిల్ల సదర్ల కాళ్లు లేపనీకె పోతలేదయ్యా," అంది పుష్పమ్మ. ఆయన వింటేగా.

మర్నాటి నుంచి కొట్టంలో ఏం జరిగితే ఇంట్లోనూ అదే జరిగింది. పొద్దున లేవగానే చెంబెడు గేదెపాలు, అందులో బాదం ముద్ద. తర్వాత గుప్పెడు నానిన శనగలు. మాడుకు ఆవనూనె. ఆవనూనె వాసనకు కాలేజీ బస్సులో స్రవంతి పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది, అదొక్కటే లాభం. చోటూకు యాపిల్ కోస్తే అందులో సగం స్రవంతికి. ఒకరోజు పొరపాటున చోటూకు కలిపిన దాణా పళ్లెం ఆమె ముందుకు, ఆమె ఉప్మా చోటూ ముందుకు వెళ్లాయి. చోటూ ఉప్మా తినలేదు. స్రవంతి మాత్రం పుస్తకంలో తల పెట్టి రెండు ముద్దలు మింగేసింది. నవ్వకండి, పరీక్షల కాలంలో మీరేం తిన్నారో మీకు గుర్తుందా?

ఫలితం త్వరగానే కనిపించింది. సాక్ష్య చట్టం క్లాసులో ఆమె గురక పెట్టింది, దానికి క్లాసంతా సాక్షులే. కడుపు ఉబ్బరం ఆగలేదు. ఒకనాడు తుమ్మితే నల్ల కోటు గుండీ తెగి ముందు బెంచీలో ఉన్న దీక్షిత్ మెడకు తగిలింది. అతను దాన్ని మర్యాదగా తిరిగిస్తూ "ఇది దాడి కిందికి వస్తదా స్రవంతీ?" అని అడిగాడు.

ఆ సాయంత్రం ఆమె తల్లి దగ్గర ఫిర్యాదు పెట్టింది. పుష్పమ్మ గుమ్మంలో పీట వేసుకుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆ ఇంట్లో అదే పెద్ద కోర్టు. దాని పైన అప్పీలు లేదు.

"అమ్మా, గీ తిండితోని నేను కోర్టుల నిలబడుడు కాదు, తలుపుల్నుంచి లోపలికే పట్ట."

"చోటూకు మంచిగ పనిచేసింది గదా," అన్నాడు కృష్ణయ్య ముద్దాయిలా గోడకు ఆనుకుని.

"బాపు, చోటూకు నాలుగు కడుపులుంటయ్. నాకు ఒక్కటే."

పుష్పమ్మ చిక్కుడుకాయలన్నీ తుంచి పక్కన పెట్టింది. తర్వాత తీర్పు చెప్పింది. బాదంపప్పు చోటూకు వాపసు. పాలు గ్లాసెడే, అవీ పలచగా. పొద్దున అన్నమో రొట్టెనో తినకుండా గడప దాటొద్దు. టిఫిన్ డబ్బా నిండుగా పోవాలి, ఖాళీగా రావాలి. ఇంట్లో అందరూ పడుకునేటప్పుడే పడుకోవాలి. కంచం ముందు చట్టాల పేరెత్తొద్దు. "ఇగ చోటూను తిప్పే ఆగయ్యకు మోకాళ్లు పట్టినయ్. పొద్దుగాల వాణ్ణి నువ్వే తిప్పు. వాడూ నడుస్తడు, నువ్వూ నడుస్తవ్. మళ్లా లొల్లి చేస్తే ఇద్దర్నీ కొట్టంలనే కట్టేస్త."

ఇలా పలుపు పట్టుకుని స్రవంతి శాలిబండ దాకా నడవడం మొదలుపెట్టింది. ఒక చేతిలో పలుపు, ఇంకో చేతిలో నోట్సు. చోటూకు ఇంగ్లిష్ నచ్చదు. ఆమె గట్టిగా చదివితే చెవులు ఆడిస్తాడు. ఆమె మాంచి వాదనలో ఉండగా కొత్తిమీర బండి కనిపిస్తే అక్కడే పాతుకుపోతాడు. లాగితే రాడు, అరిస్తే ఇంకా బిగుస్తాడు. మెడ మీద అరచెయ్యి పెట్టి, గొంతు తగ్గించి, "హో... హో... నిమ్మలం కొడకా, నిమ్మలం" అనాలి. అప్పుడు ఒక్కసారి బుస్సుమని ఊపిరి వదిలి కదులుతాడు. ఆమె వదిలేసిన వాక్యాన్ని మళ్లీ అందుకునేది.

చాయ్ హోటలు ముందు ఆటోవాళ్లకు ఆమె రోజూ వినోదమే. "వకీల్ సాహెబా! చోటూ కో జమానత్ మిల్ గయీ క్యా?" అని, చోటూకు బెయిలు దొరికిందా అన్నట్టు, ఒకడు అరిచేవాడు.

"మిలీ భాయ్, అగలా నంబర్ తేరా!" అని, తర్వాతి వంతు నీదేనంటూ ఆమె నడుస్తూనే జవాబిచ్చేది.

కొన్నాళ్లకు ఆమెకు తనంతట తానే ఆకలి వేయడం మొదలైంది. మంచం ఎక్కితే నిద్ర పట్టేది. చదివింది పొద్దున్న లేచేసరికి ఇంకా బుర్రలోనే ఉండేది, అదే ఆమెకు అన్నిటికన్నా విడ్డూరం. ఇన్నాళ్లూ ఒళ్లు వేరు, చదువు వేరు అనుకుంది పిచ్చిది. ఒకదాన్ని ఎండబెట్టి ఇంకోదాన్ని పండించాలని చూసింది.

రెండో మూట్ రోజు రానే వచ్చింది. పొద్దున రెండు జొన్నరొట్టెలు తిని వెళ్లింది. న్యాయమూర్తిగా ఒక రిటైర్డ్ జిల్లా జడ్జిని పిలిచారు. ఆయన గొంతు పెద్దది, ఓపిక చిన్నది. కేసు ఏమిటంటే, ఒకాయన ఇంటి కిటికీకి అడ్డంగా పక్కింటివాడు గోడ లేపాడు, లోపలికి వెలుతురు పోయింది. ఇరవై ఏళ్లుగా వస్తున్న వెలుతురు మీద కిటికీవాడికి హక్కు ఉందని స్రవంతి వాదించాలి. వాదనంతా ఇంగ్లిష్‌లోనే. మనం ఇక్కడ తెలుగులో చెప్పుకుంటున్నాం.

ఆమె లేచింది. ఏ మాట దగ్గర పడిపోయిందో ఆ మాట దాటింది. క్లాసంతా ఊపిరి వదిలింది. దీక్షిత్ అయితే ముందు జాగ్రత్తగా తన కాగితాలు పక్కకు జరిపి పెట్టుకున్నాడు. ఆమె అలా సాగిపోతుండగా జడ్జిగారు బల్ల మీద చరిచారు.

"ఇరవై ఏళ్లంటావ్! నడుమ రెండేళ్లు ఆ ఇంటికి తాళం ఉంది కదా! మరి ఆ రెండేళ్లు? ఆగమ్మా, ఆగు! నేనడిగిందానికి..."

గొంతు పెరుగుతోంది. ముఖం ఎర్రబడుతోంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. స్రవంతి ప్రమేయం లేకుండానే ఆమె అరచెయ్యి గాలిలోకి లేచింది. గొంతు దిగింది, ఇంగ్లిష్ మాయమైంది.

"హో... హో... నిమ్మలం కొడకా, నిమ్మలం."

వెనక బెంచీల్లో ఎవరో నోట్లో రుమాలు కుక్కుకున్నారు. అయిపోయింది, ఏడాది పోయింది, నాగమణమ్మ దగ్గరి కుర్చీ పోయింది అనుకుంది స్రవంతి. కానీ మోకాళ్లు మాత్రం వంగలేదు.

"ఎవరినమ్మా కొడకా అన్నావు?" అన్నారు జడ్జిగారు.

ఏదో ఒక అబద్ధం ఆడొచ్చు. అది తోచే టైము లేకపోయింది. "క్షమించండి యువర్ ఆనర్. పొద్దున్నే మా దున్నపోతును నడిపిస్తాను. అది మొండికేస్తే అట్లే అంటాను. అలవాటులో వచ్చేసింది."

పోలిక ఎవరితో కుదిరిందో తలకెక్కడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. "అట్లంటే వింటదా అది?"

"వెంటనే వినదండి. ఒకసారి బుస్సుమని, తర్వాత వింటది."

జడ్జిగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. బుస్సుమని ఊపిరి వదిలారు. హాలు ఒక్కసారిగా నవ్వింది, ఆయనా నవ్వారు. "సరే, వింటున్నా. ఆ తాళం సంగతి చెప్పు."

చెప్పింది. ఇంటికి తాళం వేసుకున్నది కిటికీ యజమానే. చట్టం ప్రకారం ఇంకొకరు అడ్డం పెట్టి, దానివల్ల వెలుతురు ఆగితేనే అంతరాయం. మన ఇంటికి మనం తాళం వేసుకుంటే హక్కు తెగిపోదు. దీక్షిత్ గట్టిగానే కొట్లాడాడు కానీ కిటికీ గెలిచింది. ఇద్దరూ పాసయ్యారని అక్కడికక్కడే చెప్పేశారు.

స్రవంతి గాలిలో తేలుతూ గేటు దాటింది. గోడ పక్కన జిరాక్స్ దుకాణం నీడలో పాల డబ్బాల బండి ఒకటి ఉంది. డబ్బాల వెనక ఒక తలపాగా ఒదిగి కూర్చుంది.

"బాపు! నువ్వేంది ఈడ?"

కృష్ణయ్య ఉలిక్కిపడి లేచాడు. "పాలు పోయనీకె వచ్చిన."

"ఎవరికి?"

"గీ... గీ జిరాక్స్ అన్నకు."

జిరాక్స్ అన్న తల బయటికి పెట్టాడు. "నాకెందుకన్నా? మా ఇంట్ల ప్యాకెట్ పాలు." కృష్ణయ్య వాడిని చూసిన చూపుకు వాడు తల మళ్లీ లోపలికి పెట్టేశాడు.

స్రవంతి కోటు సర్దుకుని చేతులు కట్టుకుంది. "ఎప్పుడొచ్చినవ్?"

"ఇప్పుడే."

ఆమె ఒక డబ్బా మూత తీసింది. పాలు నిండుగా ఉన్నాయి, ఎండకు అప్పుడే పులుపు వాసన పట్టాయి. రెండోదీ అంతే. "మొగల్‌పురోళ్లకు పోసినవా?"

కృష్ణయ్య నేల చూశాడు.

"హోటలోళ్లకు?"

ఆయన డబ్బా మూతలు మళ్లీ బిగించసాగాడు.

"అంటే పొద్దుగాలసంది ఒక్కరికి గూడ పోయలే. ఈడనే కూసున్నవ్. ఎందుకు?"

ఆయన బండి హ్యాండిలు పట్టుకుని కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "మొన్న వాళ్లు ఫోన్ చేసినంక వచ్చిన గదా. నేనొచ్చేసరికి నువ్వు ఇంక నేల మీదనే ఉన్నవ్ బిడ్డా. అంతసేపు నా పిల్ల నేల మీద... ఈసారి గిట్ల పడితే జల్ది లేపుదామని. దగ్గరుంటే మంచిది గదా అని."

అడగాల్సిన ప్రశ్నలు ఆమె దగ్గర ఇంకా ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి తండ్రి చేతిలోంచి హ్యాండిలు అందుకుంది.

"పడలే బాపు," అంది. "నిలబడ్డ. కడదాక నిలబడ్డ."

కృష్ణయ్య తలపాగా తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. చెమట అన్నాడు. నీడలో కూర్చున్న మనిషికి అంత చెమట ఎక్కడిదని వకీలమ్మ అడగలేదు.