గౌరి కొట్టంలో గొర్రెలు

ఫిల్మ్‌నగర్ బస్తీలో ఉండే శకుంతలమ్మకు ఒక్కటే ఆవు, పేరు గౌరి. జూబ్లీ హిల్స్‌లో కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు చాలామంది గృహప్రవేశానికి గౌరినే ముందుగా లోపలికి నడిపించేవారు.

షూటింగులకు గొర్రెలను తెచ్చే బీరయ్య పదిహేనేళ్లుగా ఆమెకు అన్నలాంటివాడు. ఒక పల్లెటూరి సీను కోసం తెచ్చిన పది గొర్రెలను, వాటి పిల్లలను నెల రోజులు ఆమె కొట్టంలోనే ఉంచాడు.

అవి వెళ్లిన కొన్ని వారాలకు గౌరి మేత మానేసింది. ఒళ్లు కాలిపోతోంది, ముక్కు కారుతోంది, రెండు కళ్లూ తెల్లబడ్డాయి.

"గొర్రెల నుంచి వచ్చే వైరస్ అమ్మా. వాటికేమీ కాదు, ఆవులు మాత్రం బతకవు. మందు లేదు" అన్నాడు పశువుల డాక్టరు. నాలుగో రోజున గౌరి చనిపోయింది.

కబురు విని వచ్చిన బీరయ్య, శకుంతలమ్మ డాక్టరు మాట చెప్పగానే తల దించుకున్నాడు.

"నీకు ముందే ఎరుకనా అన్నా?"

"పోయినేడు మా బామ్మర్ది ఆవులు గిట్లనే సచ్చినయి. గొర్లను ఆవుల కాడ ఉంచొద్దని అప్పుడే చెప్పిండ్రు. ఈడ యాడా జాగ దొరకలే చెల్లె. చెప్తే నువ్వు వద్దంటవని చెప్పలే."

"అవును, వద్దందును" అంది శకుంతలమ్మ.

వారం తర్వాత బీరయ్య ఒక పెయ్యదూడను తెచ్చి ఆమె వాకిట్లో కట్టేసి పోయాడు. శకుంతలమ్మ దాన్ని యూసుఫ్‌గూడ దాకా నడిపించుకుంటూ వెళ్లి, అతని గుమ్మం ముందే కట్టేసి, తలుపు కొట్టకుండా తిరిగొచ్చింది.