పెదకాకాని నుంచి పాయ దాకా ఒక చుక్కాని

శనివారం తెల్లవారుజామున పెదకాకానిలో బస్సెక్కాం. నేను, బండ్లు చేసే కోటాచారి, మా ఇద్దరి మధ్య గోనెపట్టాలో చుట్టిన పడవ చుక్కాని. దాన్ని నిజాంపట్నంలో బెంజమిన్ మాస్టారికి అందజేయాలి. ఆయనా నేనూ ఒకే బడిలో చాలాకాలం పనిచేశాం. నేను రిటైరయ్యాను. ఆయన సముద్రపు పాయకు అవతలున్న లంకలో ఒక్కడే బడి నడుపుతున్నాడు. రోజూ చిన్న తెరచాప పడవలో దాటి వెళ్ళాలి. పాత చుక్కాని పుచ్చి విరిగిపోవడంతో బడి మూతపడింది. సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆ రోజు కూడా మూసి ఉంటే బడి ఎత్తేస్తామని ముందే చెప్పారు. అక్కడి వడ్రంగులకు పెద్ద పడవల పని తెమలడం లేదని మాస్టారు నాకు కార్డు రాశాడు.

పాయలో ఇసుకమేటలు ఎక్కువ. చుక్కాని పలక నీళ్ళలో దిగి ఉండాలి, మేట అడ్డొస్తే తాడు లాగగానే పైకి లేవాలి. కోటాచారి రెండు టేకు చెక్కల మధ్య పలకను పెట్టి, ఇనుప చీల మీద తిరిగేట్టు చేశాడు. పట్టుకోవడానికి తుమ్మకర్ర పిడి. చెక్కకూ పలకకూ మధ్య కాగితం కూడా దూరదు. చక్రం ఊగే బండి చేసినవాణ్ణి ఊరు మరిచిపోదు కాబట్టి అతనికి బిగువే పరువు. తాను చేసిన బండిని తానెక్కి ఒక చుట్టు తిప్పనిదే ఎవరికీ అప్పగించడు. సముద్రం ఎన్నడూ చూడకపోయినా అందుకే నా వెంట బయలుదేరాడు.

గుంటూరులో రేపల్లె పాసింజరు ఏడింటికి దొరికింది. మా పెట్టెలోకి ఎవరో మిరపకాయల టిక్కీ, నిండు గోనెబస్తా, ఎక్కించారు. తెనాలి దాకా అందరివీ తుమ్ములే.

"ఏంటి తాతగారూ అది, తలుపు రెక్కా?" అని ఎదురుగా కూర్చున్నావిడ అడిగింది.

"పడవ చుక్కానమ్మా," అన్నాడు ఆచారి.

"మరి పడవేదయ్యా?"

"నిజాంపట్నంలో ఉంది."

"చుక్కాని ఇక్కడుంటే అదెట్టా నడుస్తది?"

"నడవట్లేదనేగా పోతున్నాం!" అని గట్టిగా తుమ్మాడు.

తెనాలి ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తిన్నాం. రేపల్లెలో భోజనం చేసి నిజాంపట్నం బస్సెక్కాం. చుక్కానికి కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టాడు. బస్సు దిగేసరికి మాస్టారు ఎదురొచ్చి, తిన్నగా పడవ దగ్గరికే తీసుకెళ్ళాడు.

చుక్కాని తగిలించి ముగ్గురం ఎక్కాం. పిడి ఎటు తిప్పితే పడవ అందుకు తగ్గట్టు చక్కగా మళ్ళింది. ఆచారి మాత్రం రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని, "ఓరి నాయనో, కాలికింద కదులుతుందేంటండీ!" అంటూనే ఉన్నాడు. ఒడ్డువారనే చాలాసేపు తిరిగి, తర్వాత పాయ మధ్యకు పోనిచ్చాం. మేట దగ్గర మాస్టారు తాడు లాగాడు. పలక లేవలేదు. ఇద్దరం కలిసి లాగినా లేవలేదు. పడవ ఇసుకలో దిగబడింది. మోకాటిలోతు నీళ్ళలోకి దిగి, ముగ్గురం తోసుకుంటూ ఒడ్డుకు తెచ్చాం. మెట్టలో ఎండిన కర్ర నీళ్ళు తాగి ఉబ్బి, చెక్కల మధ్య బిగుసుకుపోయింది.

"కాస్త వదులు చెయ్యండి ఆచారిగారూ," అన్నాడు మాస్టారు. "ఎల్లుండి ఇన్‌స్పెక్టరుని ఇందులోనే దాటించాలి."

"నా చేత్తో నేను వదులు పెట్టాలా? మావూళ్ళో తెలిస్తే ఇంకెవడన్నా నాకు బండి పనిస్తాడా?"

"ఇది బండి కాదుగదండీ."

"ఏదైనా చేసింది నేనేగా!"

మాస్టారు ఇసుకలో చతికిలబడ్డాడు. "సరేనండీ. మీ పేరు మీకుంటుంది. లంకలో బడి మాత్రం ఉండదు."

ఆ రాత్రి ఆచారి అన్నం సరిగా తినలేదు.

ఆదివారం మాస్టారు చర్చికి వెళ్ళాడు. నేను లేచి ఒడ్డుకు వెళ్ళేసరికి, ఆచారి చీల ఊడదీసి, తడి పలకనే చిత్రిక పడుతున్నాడు. ఆరాక తీస్తే నీళ్ళలో మళ్ళీ ఉబ్బి పట్టేస్తుందని భయం కాబోలు, ఉబ్బి ఉండగానే తీసేస్తున్నాడు. మళ్ళీ బిగించి, రోజంతా నీళ్ళలో నాననిచ్చాడు. సాయంత్రం తాడు లాగితే పలక సులువుగా లేచింది. పైకి తీసి రాత్రంతా గాలికి ఆరబెట్టి ఊపితే పాత తలుపులా లొడలొడలాడింది. అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

సోమవారం ఉదయం ఇన్‌స్పెక్టరుగారు గొడుగు వేసుకుని పడవలో కూర్చున్నారు. మేము ఒడ్డునే ఉండిపోయాం. మేట దగ్గర మాస్టారు తాడు లాగాడు. పడవ ఆగకుండా దాటిపోయింది. మధ్యాహ్నం మాస్టారు తిరిగొచ్చి, "బడి ఉంచుతామన్నారండీ!" అని ఆచారి రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఆ దారిన వెళ్ళేవారు పోటు సమయం కనుక్కుని బయలుదేరడం మంచిది. నిజాంపట్నం నుంచి రేపల్లెకు చివరి బస్సులో చోటు దొరకదు కాబట్టి ముందుదే పట్టుకోవాలి. తిరుగు రైల్లో మాకు కిటికీ పక్కనే చోటు దొరికింది. పత్తి చేలు మొదలయ్యాక ఆచారి నావైపు తిరిగాడు.

"మాస్టారూ, ఆ ఇన్‌స్పెక్టరుగారికి తెలుసంటారా, అందులో అంత వదులుందని?"

"ఆయనకెలా తెలుస్తుంది?"

"పెదకాకానిలో కూడా చెప్పమాకండి," అని తలపాగా కళ్ళమీదికి లాక్కుని నిద్రపోయాడు.