గుర్రపుడెక్కకు మా నాయనమ్మ పెట్టిన పరీక్ష

నా చిన్నప్పుడు కంకిపాడు దగ్గర మా ఇంటి వెనక ఒక చేపల చెరువు ఉండేది. మా ఇంట్లో కుండ పొయ్యి ఎక్కాలంటే ఆ చెరువులో చేప ఎదగాల్సిందే. ఒకరోజు మా బాబాయి బెజవాడ నుంచి గోనెసంచిలో ఊదారంగు పూల మొక్క తెచ్చాడు. నీళ్ళమీద తేలుతుందట, నీడనిస్తుందట, చేపలు చల్లగా ఉంటాయట. పెళ్ళిళ్ళ మధ్యవర్తి కూడా పిల్లను అంతగా పొగడడు.

మా నాయనమ్మ దాన్ని చెరువు ఛాయలకు రానివ్వలేదు. సంతలో కొన్న గేదెను మావాళ్ళు తిన్నగా కొట్టంలో కట్టరు. దానికేం రోగముందో తేలేదాకా వేరే రాటకు కడతారు. గేదెకున్న నియమం దీనికి మాత్రం ఎందుకు తప్పాలని, పెరట్లోని సిమెంటు గాబులో నీళ్ళు పోయించి, కాసిని చేపపిల్లలను వదిలి, మొక్కను అందులో వేయించింది. పైగా గేదె తాడుతో గాబుకు కట్టింది.

"మొక్క పారిపోద్దా అమ్మా?" అని బాబాయి నవ్వాడు.

"అది పారిపోదులే. నువ్వు ఎత్తుకెళ్ళి చెరువులో వెయ్యకుండా," అంది.

కొన్నాళ్ళకే గాబులో నీళ్ళు కనబడటం మానేశాయి. ఒక్క మొక్క పిల్లలు పెట్టి, ఆ పిల్లలు పిల్లలు పెట్టి, అంచుమీంచి మావైపు తొంగిచూడసాగాయి. ఆకులు తప్పిస్తే, కింద చేపపిల్లలు నోళ్ళు తెరుచుకుని ఊపిరికి కొట్టుకుంటున్నాయి. బాబాయి ముఖం చిన్నబోయింది. గుట్టుగా అంతా గంపకెత్తి కాలవవైపు నడవబోతే నాయనమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

"మనకొద్దన్న సంబంధం ఊరికి అంటగడతావంట్రా? పూలు చూసి తెచ్చావు. పొమ్మంటే పోద్దో లేదో అడిగావా?"

వాటిని ఎండలో పరిపించి, గలగలలాడేదాకా బాబాయినే కాపలా కూర్చోబెట్టి, చివరికి పొయ్యిలో పెట్టించింది.

ఇప్పుడు బెజవాడలో వంతెన మీద నిలబడితే, ఆ గుర్రపుడెక్కే కమ్మేసి, కింద కాలవో పచ్చికబయలో తెలియడం లేదు. ఈ పరాయి జాతుల ముప్పు గురించి దొరికిన పుస్తకమల్లా సొంతంగా చదివాను. ముందు వేరుగా ఉంచి చూడమనే వాటిలోనూ ఉంది. చదివినవాళ్ళూ చెప్పారు, చదవనివాళ్ళూ చెప్పారు, వినేవాడేడీ?

మొన్న కాలవగట్టున ఒకాయన, అద్దాలతొట్టెలో పెంచిన నల్లటి పరదేశపు చేపను వదలబోతుంటే అడ్డంపడ్డాను.

"తొట్టెలో పట్టట్లేదండీ. పాపం, స్వేచ్ఛగా బతుకుద్దని."

"మన చేపలు బతకొద్దాండీ మరి?"

"అంత బాధైతే మీరే పెంచుకోండి," అని బకెట్ నా చేతిలో పెట్టి బండెక్కాడు.

ఆనాటి బుద్ధి నాకేం మిగిల్చిందని ఎవరైనా అడిగితే, మా స్నానాలగది తలుపు తీసి చూపిస్తాను. తొట్టెలో ఆ నల్లచేప ఇంకా పెరుగుతూనే ఉంది. మా ఆవిడ స్నానానికి పక్కింటికి వెళుతోంది.