పసివాడి నుదుటి మీద నీళ్ళు

మా పెద్దమ్మకు ఫ్యాక్టరీలో పెట్టిన పేరు భూతద్దం. చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఆవిడ చెకింగ్ పని చేస్తుంది. కుట్టడం పూర్తయిన ప్రతి చొక్కా ఆవిడ బల్ల మీదికి రావాల్సిందే. ట్యూబులైటు కింద కాలరు తిప్పి, చంకల్లో కుట్టు లాగి, గుండీలు ఒక్కొక్కటే మెలిపెట్టి చూసి, బాగుంటే పచ్చ స్టిక్కరు, లేకపోతే ఎర్ర స్టిక్కరు అంటిస్తుంది. పచ్చది అంటించేటప్పుడు ఆవిడ ముఖం చూడాలి, ఎవరో మెడ మీద కత్తి పెట్టి చేయిస్తున్నట్టు ఉంటుంది. నేను అదే హాల్లో ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేస్తాను. చెల్లెలి కూతురినని నాకేమీ మినహాయింపు లేదు. నేను మడత పెట్టిన చొక్కాలు కూడా వచ్చి విప్పి చూసి, మళ్ళీ మడత పెట్టకుండానే వెళ్ళిపోతుంది.

ఆ అనుమానం ఊరికే వచ్చింది కాదు. పెళ్ళయిన కొత్తలో పెదనాన్న వారంలో సగం రోజులు పని మీద పక్క ఊళ్ళో ఉండేవాడు. ఒకసారి ఆయన చొక్కా ఉతుకుతుంటే పెద్దమ్మ చేతికి ఒక గుండీ తగిలింది. ఆవిడ గుండీలు కుడితే దారం రెండు గీతల్లా పడుతుంది. ఈ గుండీ మీద దారం అడ్డదిడ్డంగా కత్తెర గుర్తులా ఉంది. ఊడిన గుండీ ఎవరు కుట్టారని అడిగితే ఆయన నీళ్ళు నమిలాడు. అలా ఇంకో ఊళ్ళో ఇంకో సంసారం బయటపడింది. ఆయన్ను ఆ పూటే గడప దాటించి, చంకలో ఉన్న కొడుకును ఒక్కతే పెంచింది. అప్పటి నుంచి మనిషి చెప్పే మాట వినడం మానేసి, కుట్టు చూడటం మొదలుపెట్టింది.

అలాంటి ఇంటికి కోడలిగా మా వదిన వచ్చింది. మందుల షాపులో పనిచేసేది. పెద్దమ్మ కొడుకు, అదే మా అన్నయ్య, లిఫ్టులు రిపేరు చేస్తాడు, ఆ షాపున్న భవనంలో లిఫ్టు అదే పనిగా చెడిపోయేది. ఎందుకు చెడిపోయేదో మాకు పెళ్ళి మాటలప్పుడు అర్థమైంది. పిల్ల మంచిదే, కానీ కథోలికుల పిల్ల. మాది చిన్న ప్రార్థన మందిరం. అక్కడ విగ్రహాలు ఉండవు, పసిపిల్లలకు బాప్తిస్మం ఉండదు, బుద్ధి తెలిసినవాళ్ళు తమంతట తాము నమ్మి నీళ్ళలో మునగాలి. పైగా పెద్దమ్మ ఆడవాళ్ళ ప్రార్థన కూటానికి పెద్ద.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఎవరి గుడికి వాళ్ళు వెళ్తారు. పిల్లలు పుడితే, పెద్దయ్యాక వాళ్ళే తేల్చుకుంటారు, అప్పటిదాకా ఎవరూ వాళ్ళ మీద నీళ్ళు పోయకూడదు. వదిన కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఒప్పుకుంది. బాప్తిస్మాన్ని వాళ్ళు జ్ఞానస్నానం అంటారు, పుట్టిన కొద్ది వారాలకే చేయిస్తారు మరి. ఆ ఒప్పుకోవడం కూడా పెద్దమ్మకు నచ్చలేదు. “అంత తొందరగా ఎందుకు ఒప్పుకుందే?” అని నన్ను పట్టుకుని అడిగింది.

వదిన మెడలో చిన్న వెండి పతకం ఉండేది. మరియమ్మ బొమ్మ, చుట్టూ సన్నటి అక్షరాలు. వదిన స్నానానికి వెళ్ళినప్పుడు పెద్దమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చదివింది. జన్మపాపం లేక ఉద్భవించిన మరియమ్మా, మా కోసం ప్రార్థించండి అని ఉంది. అంతే, ఆ సాయంత్రం వంటింట్లో విచారణ మొదలు.

“ప్రభువు కన్యకు పుట్టాడని మేమూ నమ్ముతాం. దానికి ఇదంతా ఎందుకు?”

“అది వేరు అత్తయ్యా. ఇది మరియమ్మ గురించి. ఆదాము నుంచి అందరికీ వచ్చే జన్మపాపం, వాళ్ళమ్మ కడుపులో పడిన క్షణం నుంచే ఆవిడకు అంటలేదని.”

“అందరూ పాపం చేశారని వాక్యంలో లేదూ? అందరూ అంటే అందరే. ఆవిడే స్వయంగా దేవుణ్ణి నా రక్షకుడు అంది. గోతిలో పడనిదానికి రక్షకుడెందుకు?”

“పడ్డాక లాగడమే రక్షించడమా? పడకముందే చెయ్యి పట్టుకుని ఆపితే అదీ రక్షించడమేగా? ఆవిణ్ణి కాపాడింది కూడా యేసు ప్రభువే. కాకపోతే ముందుగానే కాపాడాడు.”

“ఎక్కడ రాసుంది?”

“దేవదూత ఆవిణ్ణి అనుగ్రహంతో నిండినదానా అని పిలిచాడు.”

“మా బైబిల్లో దయాప్రాప్తురాలా అని ఉంది. దయ పొందింది అంటే అంతకుముందు లోటు ఉన్నట్టేగా! అయినా యేసు ప్రభువు వచ్చిన పద్దెనిమిది వందల ఏళ్ళకు పోపుగారు లేచి ఇది నమ్మి తీరాలని ప్రకటించడమేమిటి? అంతవరకూ ఏం చేస్తున్నట్టు?”

“నమ్మకం ముందు నుంచీ ఉంది అత్తయ్యా. ప్రకటించడమే తర్వాత.”

పెద్దమ్మ ఈ గొడవను ఫ్యాక్టరీకి కూడా మోసుకొచ్చింది. మా కటింగ్ మాస్టారిది తూర్పు దేశాల పాత సంఘం, ఆర్థడాక్స్ అంటారు. ఆయన టీ తాగుతూ తాపీగా, “మేమూ ఆవిణ్ణి పరమ పవిత్రురాలనే అంటాం. కానీ ఆదాము నుంచి మనకు వచ్చింది చావూ బలహీనతా అంటాం గానీ, ఆయన నేరం మన నెత్తిన పడిందని అనం. లేని మచ్చ ఆవిడకు అంటలేదని ప్రత్యేకంగా చెప్పడం దేనికి?” అన్నాడు. పెద్దమ్మ ఆయన వైపు కూడా అనుమానంగా చూసింది. తనతో ఏకీభవించాడో లేదో తేలలేదు మరి.

ఆ వాదనల్లోనే ఒకరోజు జ్ఞానస్నానం మాట వచ్చింది. ప్రాణం మీదికొస్తే ఫాదరు కోసం ఆగక్కర్లేదని, సంఘం చేసేదే చేస్తున్నానని అనుకుని ఎవరైనా నీళ్ళు పోయొచ్చని, అప్పుడనాల్సిన మాటలతో సహా వదిన చెప్పింది. “ఎవరైనానా? అయితే నేనూ పోయొచ్చా?” అని పెద్దమ్మ పకపకా నవ్వింది. పసివాళ్ళు ప్రభువు చేతిలో ఉంటారు, వాళ్ళకు కడగాల్సిందేమీ లేదు, ఇదీ ఆవిడ తీర్పు.

పిల్లాడు పుట్టాడు. మూడో నెల రాకముందే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రిలో చేర్చాం. ఒక మధ్యాహ్నం వదిన మందులు తేవడానికి కింద వరసలో నిలబడింది, అన్నయ్య రక్తం రిపోర్టు కోసం పరిగెత్తాడు. ఆ కాస్త సేపట్లోనే పిల్లాడి పెదవులు నీలంగా మారాయి. పెద్దమ్మ కేకలు వేస్తే నర్సులు వచ్చారు, డాక్టరు వచ్చాడు, గొట్టం పెట్టారు. నేను వెళ్ళేసరికి గండం గడిచింది. పెద్దమ్మ గోడకు ఆనుకుని కూలబడి ఉంది. ఆ మనిషిని అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు.

పిల్లాణ్ణి ఇంటికి తీసుకెళ్ళే రోజు వార్డు ఆయా అన్నయ్యతో సంబరంగా, “మంచి పని చేశారు బాబూ, జ్ఞానస్నానం ఇప్పించారు. తెర అవతల నుంచి ఆ మాటలు విన్నాను. తర్వాత పక్క మారుస్తుంటే బిడ్డ నుదురంతా తడి” అంది. ఎవరి గొంతని అన్నయ్య అడిగితే, “ఎవరో ఆడమనిషిది, ముఖం చూడలేదు. ఏ రోజో కూడా గుర్తులేదు” అంది.

అన్నయ్యకు ఇంకేం కావాలి? ఇంట్లో కథోలికురాలు ఒక్కతే. వదిన లేదు, కాదు, తెలియదు అంది. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పింది. అన్నయ్య తల్లి పోలికే. వదిన బ్యాగు తెరిచి చూడటం, ఫోన్లో ఎవరితో మాట్లాడిందో చూడటం, గుడికి వెళ్తే వెనకాలే వెళ్ళి వీధి చివర నిలబడటం. మందిరంలో ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. “పాపం, మీ కోడలు మాట తప్పిందటగా” అని పెద్దమ్మను ఓదార్చబోతే ఆవిడ సంచి సర్దుకుని లేచిపోయింది.

నిజం చెప్పాలంటే నేనూ వదిన్నే అనుమానించాను. కానీ పెద్దమ్మ వాలకం చూస్తే ఏదో తేడా కొట్టింది. వదిన పప్పులో ఉప్పు తక్కువేస్తేనే ఇల్లు పీకి పందిరి వేసే మనిషి, ఇంత జరిగితే కిక్కురుమనదేం? ఒకరోజు నా ఇస్త్రీ బల్ల మీదికి ఒక తెల్ల చొక్కా వచ్చింది. జేబు పక్కన అరచేయంత నూనె మరక, దాని పక్కనే పెద్దమ్మ అంటించిన పచ్చ స్టిక్కరు. తీసుకెళ్ళి చూపిస్తే, “కళ్ళు మసకేశాయే” అంది. ఆ కళ్ళు మసకేయడమా! నేను నమ్మలేదు.

ఆ ఆదివారం వదిన సంచి సర్దుకుంది. నాకు ఫోన్ చేసి, “పిల్లాణ్ణి కాస్త ఎత్తుకుని తోడొస్తావా, మా అన్నయ్య ఇంటికి పోతున్నా” అంది. నేను వెళ్ళేసరికి అన్నయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

“పోయే ముందు ఒక్క నిజం చెప్పి పో. ఆ పతకం పట్టుకుని ప్రమాణం చెయ్యి. అప్పుడు నమ్ముతా.”

వదిన చెయ్యి మెడ దాకా వెళ్ళి ఆగిపోయింది. “నేను చెయ్యను. నా మాట చాలకపోతే నా దేవుణ్ణి సాక్షిగా ఈడుస్తావా?” అంది. ఏమండీ అని తప్ప పిలవని మనిషి, నువ్వు అనేసింది. నాకు ఏడుపొచ్చింది.

పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి, తుడుచుకోలేదు.

“దాన్ని వదిలెయ్‌రా. నీళ్ళు పోసింది నేను.”

అన్నయ్య విసుగ్గా నవ్వాడు. “కోడల్ని వెనకేసుకురావద్దమ్మా. నువ్వు పోశావంటే ఎవరు నమ్ముతారు?”

“నమ్మవా? పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను. చాలా? మంచం పక్కన సీసాలో తాగే నీళ్ళు. కంగారులో సగం దిండు మీద పడ్డాయి. ఆయా విన్నది నా గొంతు.”

పిల్లాడు నా భుజం మీద ఎక్కిళ్ళు పెడుతున్నాడు.

వదిన మెల్లగా అడిగింది. “పసివాళ్ళకు కడగాల్సిందేమీ లేదన్నారుగా, అత్తయ్యా?”

“ఇప్పటికీ అదే అంటా. మీ మరియమ్మ సంగతీ ఒప్పుకోను. కానీ వాడు నీలంగా అయిపోతుంటే నా నమ్మకం గుర్తు రాలేదమ్మా, నీ ముఖం గుర్తొచ్చింది. నువ్వు కింద వరసలో ఉన్నావు. వాడు పోతే, నీళ్ళు లేకుండా పోయాడని నువ్వు జీవితాంతం కుమిలిపోతావు. నువ్వు ఉంటే చేసేదే నీ బదులు చేశా.” ఆవిడ అన్నయ్య వైపు ఒకసారి చూసింది. “అది తప్పు కాదు. తప్పు తర్వాత చేశా. మందిరంలో తల దించుకోవాలని, వీడు నవ్వుతాడని నోరు మూసుకున్నా. నేను చేసినదానికి నువ్వు మాటలు పడుతుంటే చూస్తూ కూర్చున్నా.”

వదిన ఆవిడ తడి చేతులు పట్టుకుంది.

అన్నయ్య గట్టిగా ఊపిరి పీల్చి వదిలాడు, ఏదో పెద్ద బరువు దిగినట్టు. గుమ్మంలోంచి పక్కకు జరిగి, “సరే, తేలిపోయిందిగా. సంచి లోపల పెట్టు” అన్నాడు.

వదిన అతని వైపు తిరిగింది. “మీ అమ్మ చెబితే ఒక్క మాటతో తేలిపోయింది. ఆవిణ్ణి దేని మీదా ప్రమాణం అడగలేదు మీరు.”

వదిన వచ్చి నా భుజం మీంచి పిల్లాణ్ణి తీసుకుంది. సంచి కోసం వంగేలోపే పెద్దమ్మ దాన్ని అందుకుంది.

“మీ అన్నయ్య ఇంట్లో ఇంకో మనిషికి చోటుంటుందా అమ్మాయ్?”

“అమ్మా, నువ్వెక్కడికి?” అన్నాడు అన్నయ్య.

“దీనితో. నీకు ఈ బుద్ధి నా దగ్గర్నుంచే వచ్చింది. అది వదిలాక వచ్చి మా ఇద్దర్నీ పిలువు” అని ఆవిడ మెట్లు దిగింది. వెనకే వదిన దిగింది.

అన్నయ్య దిక్కుతోచక నా వైపు చూశాడు. “నువ్వైనా ఆపొచ్చు కదే!”

నేను నా చెప్పులు వెతుక్కున్నాను.