పాలోళ్ల గెట్టు

మా తాత సాపుగా ఉన్న సిమెంటు రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి కాలెత్తి వేసేవాడు. అక్కడ గుంత ఉండదు, రాయి ఉండదు, కనీసం కుక్క కూడా పడుకుని ఉండదు. అయినా మోకాలు పైకి లేపి, దేన్నో దాటినట్టు అవతల పెట్టేవాడు. మోకాళ్ల నొప్పి అని నాన్న, తలలో జబ్బు కాళ్లకు దిగిందని అమ్మ తేల్చేశారు. నేనప్పుడు ఐదో తరగతి. పెద్దవాళ్లు దేన్నయినా అంత తొందరగా తేల్చేస్తే నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది.

తాతకు మతిమరుపు జబ్బు మొదలై అప్పటికి రెండేళ్లు. మన్సూరాబాద్‌లో మా కాలనీ ఉన్నచోటే ఒకప్పుడు ఆయన పొలం. ప్లాట్లు పడ్డాక అందులోనే మేం ఇల్లు కట్టుకున్నాం. రోజూ సాయంత్రం ఆయన్ని నడకకు తీసుకెళ్లడం నా పని. గేటు దగ్గర ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే.

"ఎవరి పిల్లవే నువ్వు?"

"నీ కొడుకు బిడ్డను, తాతా."

"అట్లనా!"

మనవరాలు అప్పుడే పుట్టినంత సంబరం ఆయనకు. రోజూ అదే సంబరం. ఆ "అట్లనా" కోసం నేను హోంవర్క్ ఎగ్గొట్టి మరీ పోయేదాన్ని.

కాలెత్తే చోట్లు ఎన్నో చూద్దామని ఒకరోజు సుద్దముక్క పట్టుకుపోయి గీతలు గీశాను. మర్నాడూ సరిగ్గా ఆ గీతల దగ్గరే ఎత్తాడు. ఇస్త్రీ బండి ముందు ఒకటి, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒకటి, పార్కు మలుపులో ఒకటి. నాలుగోది కర్రీ పాయింట్ దగ్గర. అక్కడ మాత్రం దాటడు, ఆగి వెనక్కి తిరుగుతాడు. నా పేరే గుర్తుండని మనిషికి ఇవి ఎలా గుర్తున్నాయి? ఆ తర్వాతి రోజు కావాలనే ఒక గీత మీద నిలబడ్డాను.

"గెట్టు మీద నిలబడ్తరా? మట్టి కూలుతది. దిగు జర!" అని కసిరాడు.

గెట్టు! పొలానికీ పొలానికీ నడుమ వేసే మట్టికట్ట. ఆయన కాళ్ల కింద కాలనీ లేనే లేదు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ రోజు నుంచి నేనూ కాలెత్తి దాటుతూ ప్రశ్నలతో ఆయన ప్రాణం తీశాను. ఇక్కడ ఏముండె? అంగూర్ తోట. ఇక్కడ? వరి. కర్రీ పాయింట్ అవతల?

"అది పాలోళ్లది. అటు పోవద్దు."

పాలోళ్లంటే ఆయన చిన్నాయన కొడుకులు. పంపకాలప్పుడు చెడి, మళ్లీ మాటల్లేవు. వాళ్లూ ఎప్పుడో అమ్ముకుని పోయారు.

తాత అంతకుముందు ఒకసారి ఒక్కడే వెళ్లి ఎల్బీనగర్ చౌరస్తాలో దొరికాడు. అప్పటి నుంచి నాన్నకు భయం. "ఏడింటికల్లా ఇంట్ల ఉండాలె. ఒక్కరోజు లేటైనా నడక బంద్, గేటుకు తాళమే," అన్నాడు. అన్నాడంటే వేస్తాడు.

ఒక సాయంత్రం మేం పార్కులో కూర్చుని లేచేసరికి మా గల్లీకి అడ్డంగా డ్రైనేజీ కోసం జేసీబీ తవ్వుతోంది. ఇల్లు చేరాలంటే కర్రీ పాయింట్ దాటి చుట్టూ తిరిగి పోవాలి. తాత గీత దగ్గర ఆగిపోయాడు. చెయ్యి పట్టి లాగాను. విడిపించుకున్నాడు.

కర్రీ పాయింట్ ఆంటీది గుంటూరు వైపు. "ఏంటమ్మా, తాతగారు అలా నిలబడిపోయారు? కాళ్లు నొప్పులా?" అంది.

"ఏం లేదాంటీ," అన్నాను. గెట్టు అడ్డమొచ్చిందని ఎలా చెప్పను? ఆమె గోడ గడియారంలో ఏడుకు పావు తక్కువ.

"అడగకుండ పాలోళ్ల గెట్టు దాటుతరా?" అన్నాడు తాత.

"అయితే అడుగుదాం."

"ఎవరున్నరు, అడగనీకి?"

ఆ గొంతులో కోపం లేదు. ఎవరైనా కనపడితే బాగుండునన్నట్టు అటూ ఇటూ వెతుకుతున్నాడు. నేను గీత అవతలికి దూకి, ఆయన వైపు తిరిగి నిలబడ్డాను.

"ఎవరి పిల్లవే నువ్వు?"

"పాలోళ్ల పిల్లను. బాట ఇస్తున్న, రా తాతా."

తాత భుజం మీద తువ్వాల సర్దుకుని, కాలెత్తి దాటాడు. "మీ ఇంట్ల చెప్పు, అడిగే దాటిన అని," అన్నాడు. ఏడు కొట్టకముందే ఇంట్లో ఉన్నాం. గేటుకు తాళం పడలేదు.

మర్నాడు గేటు దగ్గర ఆయన ఏమీ అడగలేదు. నేనే ఉండబట్టలేక, "నీ కొడుకు బిడ్డను, తాతా," అన్నాను.

తాత నవ్వాడు. "నాకు తెల్వదా? పాలోళ్ల పిల్లవు. నిన్న బాట ఇచ్చినవు గదా."

ముందు ఆశ్చర్యపోయాను. తిన్న అన్నం గుర్తుండని మనిషికి ఇది గుర్తుంది! ఏడుపు తర్వాత వచ్చింది. రెండేళ్లుగా నేను రోజూ చెప్పిన నిజం నిలవలేదు, ఒక్కసారి చెప్పిన అబద్ధం నిలిచింది. ఆ "అట్లనా" నాకు మళ్లీ దొరకలేదు.

కర్రీ పాయింట్ దగ్గర మాత్రం తాత ఇక ఆగలేదు. నేను ముందు దాటి నిలబడితే, నా చెయ్యి అందుకుని, "మీవోళ్లు మంచోళ్లేనే బిడ్డా," అంటూ కాలెత్తేవాడు.