బొట్టు పెట్టిన గడపలు

భద్రాచలంలో వానాకాలం మధ్యాహ్నాలు నానిన అటుకుల్లా మెత్తగా ఉండేవి. మా కంప్యూటర్ సెంటర్ బట్టల కొట్టు మీది గది. కిటికీలో గోదావరి, గదిలో కంప్యూటర్ల నీలం తెరలు. కాసేపు చూస్తే ఏది నదో ఏది తెరో తెలిసేది కాదు. ఒకసారి నా ప్రోగ్రాం మీదుగా నాటుపడవ పోవడం కళ్ళారా చూశాను. నమ్మడం మీ ఇష్టం.

పక్క మిషన్ మీద కూర్చునే అమ్మాయిది సత్తుపల్లి వైపు. మాకు దూరపు చుట్టమే గానీ వరస తేలలేదు. అందుకే నన్ను అన్నా అనలేక, బావా అనలేక, "ఇగో" అని పిలిచేది. ఆ 'ఇగో' కోసం నేను వానలో తడుస్తూ వచ్చేవాణ్ణి. పరీక్షలు కాగానే ఆమెకు సంబంధాలు చూస్తారని తెలిసి, వాళ్ళింట్లో అడగమని మా అమ్మ కొంగు పట్టుకున్నాను.

"వరస కుదిరితేనే నోరు తెరుస్త. చెల్లె వరసైతే ఆ ముచ్చట మళ్ల ఎత్తకు" అంది అమ్మ. వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టేది. సగంలో దారి తప్పేది. ఈలోగా పొయ్యి మీద పప్పు మాడేది.

సరే, కంప్యూటర్నే అడుగుదామనుకున్నాను. అప్పటికి సీ భాష నాకు అక్షరాభ్యాసం దశలో ఉంది. ఇళ్ళకు గుర్తులు పెట్టుకున్నాను: బావి ఇల్లు, బోరింగు ఇల్లు, రేకుల ఇల్లు. ప్రోగ్రాం మా ఇంటి నుంచి బయలుదేరి, ఆడపిల్లను ఇచ్చిన ఇంటికి వెళ్ళాలి. అక్కడి నుంచి వాళ్ళ పిల్లను ఇచ్చిన ఇంటికి. వియ్యపు ఇల్లయితే మరదలు, వియ్యానికి వియ్యమైతే చెల్లెలు. రేకుల ఇల్లు చేరేసరికి ఏదో ఒకటి తేలాలి. రేకుల ఇల్లు వాళ్ళది.

రన్ కొట్టాను. మిషన్ బరువెక్కిన ఎడ్లబండిలా మూలిగింది. తెర నల్లబడి ప్రోగ్రాం కుప్పకూలింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ కూలింది. సెమీకోలన్లు తుడిచి కొత్తవి పెట్టాను. కీబోర్డు దులిపాను. రాముడికి మొక్కాను. ఆ మూలుగుకు అవతలి ఒడ్డున మేకలు బెదిరాయని ఊళ్ళో చెప్పుకున్నారు. చెప్పింది నేనే అనుకోండి.

"ఇగో, జరుగు" అని ఆమె తన కుర్చీ లాక్కొచ్చింది. ప్రోగ్రాంను ఒక్కో వరుసే నడిపిస్తూ, తెర మీద వేలు పెట్టి చదివింది. బావి ఇల్లు, బోరింగు ఇల్లు, బావి ఇల్లు, బోరింగు ఇల్లు. గాజుల చప్పుడు, వాన చప్పుడు కలిసిపోయి నాకు నిద్రలాంటిదేదో కమ్ముకొస్తోంది.

"ఈ రెండిళ్లు కుండమార్పు చేసుకున్నయి. వీళ్ల పిల్లను వాళ్లకిచ్చి, వాళ్ల పిల్లను తెచ్చుకున్నరు. నీ ప్రోగ్రాం మంచినీళ్లు గిట్ట తాగకుండ అటిటు తిరుగుతున్నది. సచ్చిపోదా మరి?"

అమ్మ పప్పు మాడింది కూడా సరిగ్గా ఆ రెండిళ్ళ మధ్యే.

"ఏం చెయ్యాలె?" అన్నాను.

"పోయిన ఇంటి గడపకు బొట్టు పెట్టు. బొట్టున్న గడప మళ్ల తొక్కకు."

అలాగే రాశాను. ఆ గుర్తుకు బొట్టు అనే పేరు పెట్టాను. ఈసారి తెర నల్లబడలేదు. అడుగున ఇంగ్లీషు అక్షరాల్లో 'చెల్లె' అని వచ్చింది. నేను మిషన్ ఆపబోయాను.

అడుగుతున్నది ఎవరి గురించో రేకుల ఇల్లు చూసినప్పుడే ఆమెకు తెలిసిపోయి ఉంటుంది. ఆమె ప్రోగ్రాంలో రెండు వరుసలు కిందిది పైకి, పైది కిందికి మార్చింది. మా పెద్దత్తను ఇచ్చిన ఇంటి వైపు కాకుండా ముందు చిన్నత్తను ఇచ్చిన ఇంటి వైపు నడవమంది. రన్ కొట్టింది.

'మరదలు'.

రెండు దారులూ నిజమే. మా వైపు ఎవరి చుట్టరికం తవ్వినా రెండు వరసలూ తేలతాయి.

ఆమె సేవ్ నొక్కి, లేచి, గొడుగు అందుకుంది.

"మీ అమ్మకు గీ దారే చెప్పు" అంది. మెట్ల దగ్గర ఆగి, వాన వైపు చూస్తూ అంది, "జల్దీ చెప్పు, బావా."