ఫ్రీజర్లో మిగిలిన ఒక్క ట్యూబు

గుండె రక్తనాళాల్లో కొవ్వు ఎందుకు పేరుకుంటుందో తేల్చడానికి మా వైపు మూడు బృందాలు పనిచేస్తున్నాయి. గుడివాడలో ఒకటి, దివిసీమలో ఒకటి, బందరులో ఒకటి. మూడింటికీ కలిపి ల్యాబు ఒక్కటే, బందరులో. అందులో మనిషినీ నేనొక్కదాన్నే. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటారు. మా ఉమ్మడి ల్యాబు ఇంకా బతికుందంటే, కరెంటు పోయినప్పుడల్లా జనరేటరు దగ్గరికి నేను పరుగెత్తబట్టే. ఐసుపెట్టెల్లో రక్తం వస్తుంది. ట్యూబుల మీద నంబర్లే తప్ప పేర్లుండవు. రోజంతా ఎంతోమంది రక్తం పరీక్ష చేస్తాను, ఒక్కరితోనూ మాట్లాడను.

ఒక్క నంబరు మాత్రం ఎవరిదో నాకు తెలుసు. అది మా ఆయనది. బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువులు చూసుకునేవారు. పరిశోధనకు మనుషులు చాలలేదని నేనే బతిమాలి తీసుకొచ్చాను. రక్తం తీసి, ట్యూబు మీద నంబరు అంటిస్తూ అడిగాను.

"ఏమీ తినలేదుగా?"

"లేదు. కాఫీ తాగానంతే."

"పరగడుపున రమ్మన్నాను కదండీ!"

"కాఫీ తాగితే పరగడుపు కాకుండా పోద్దా? విడ్డూరం! కార్తీక సోమవారాలు మా అత్తగారు తాగట్లా?"

నిజమే, మా వైపు కాఫీని తిండి కింద ఎవరూ జమకట్టరు. పరీక్షకు మాత్రం అందులోని పాలూ పంచదారా పనికిరావు. మళ్లీ రమ్మంటే ఈయన రారు. నవ్వుకుంటూ కాగితం మీద 'పరగడుపు' అనే రాసేశాను.

ఏడాది తిరక్కుండానే చెరువు గట్టు మీద గుండెపోటుతో పోయారు. ఆ తర్వాత ఆయన రక్తంలో నా దగ్గర మిగిలింది ఫ్రీజర్లో ఒక్క ట్యూబు. అది అక్కడుందన్న ధైర్యంతోనే రోజూ తాళం వేసి, ఎవరూ లేని ఇంటికి వెళ్లేదాన్ని.

మొన్న గుడివాడ నుంచి, మూడు బృందాల లెక్కలూ కట్టే సారు ఫోన్ చేశారు. గుండెపోటు వచ్చినవాళ్ల పాత రక్తం మళ్లీ పరీక్షించాలంటూ నంబర్లు చదివారు. నాలుగోది ఆయనది.

ట్యూబు తీసి ఐసు మీద పెట్టాను. ఒకసారి కరిగితే ఇక దాచడానికి ఉండదు. కాఫీ సంగతి దాస్తే, పేరు లేకపోయినా ఆయన ఆ లెక్కలో ఒక మనిషిగా ఉండిపోతారు. చెప్తే ఆ నంబరు కొట్టేస్తారు. ఒక్కపూట కాఫీ మానుకోలేని మనిషి మీద కోపం కూడా వచ్చింది.

చివరికి ఫోన్ చేశాను. "సార్, ఆ నాలుగో నంబరు పరగడుపు కాదండీ. తప్పు రాసింది నేనే."

"మీకెలా తెలుసు మేడమ్?"

"మా వారండీ."

సారు మెల్లగా, "తీసేయక తప్పదండీ," అన్నారు.

పారేయడానికి, ల్యాబు చెత్త వేసే పసుపురంగు సంచి తెరిచాను. చెయ్యి రాలేదు. ఇక ఐసుతో పనిలేదు కాబట్టి ట్యూబు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. మెల్లగా చల్లదనం పోయి, అది నా చేతి వేడికి వచ్చింది. ఆయన పోయాక ఆయన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. ఇంకోసారి ఉండదని తెలిసి, వదల్లేకపోయాను.